ఆశాలకు, ఏఎన్‌ఎంలకు ప్రచార సామగ్రి ఆన్‌లైన్‌లో ఒకేచోట ఉంచాలంటే ఏది మేలు? వాట్సాప్ గ్రూపుతో సరిపోవడం లేదు

పీహెచ్‌సీ_హెల్త్_ఎడ్యుకేటర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆశాలు, ఏఎన్‌ఎంలు, ఎంఎల్‌హెచ్‌పీలు (సబ్‌సెంటర్లలో ఉండే మధ్యస్థాయి వైద్య సిబ్బంది) కలిపి సుమారు 60 మంది ఉన్న పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మాది. పోస్టర్లు, కరపత్రాలు, ఫ్లిప్‌చార్ట్ పేజీలు, ఆడియోలు, చిన్న వీడియోలు అన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్నాయి. గ్రామ ఆరోగ్య పోషకాహార దినం ముందురోజు సాయంత్రం "విరేచనాల పోస్టర్ మళ్లీ పెట్టండి మేడమ్" అని మెసేజ్ వస్తుంది. వెతికితే మూడు రకాలు దొరుకుతాయి, వాటిలో ఏది తాజాదో చెప్పలేం. ప్రింటుకు ఇస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కొన్ని ఫైళ్లు ఫోన్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి. కొండ మీది ఊళ్లలో సిగ్నల్ ఉండదు. పక్క పీహెచ్‌సీలవాళ్లు చేసినవి మాకూ, మావి వాళ్లకూ అందాలని కూడా ఉంది.

డబ్బు పెట్టే వీలు లేదు. అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే, చాలామందివి 32 జీబీవి, ఎప్పుడూ నిండే ఉంటాయి. గూగుల్ డ్రైవ్ మంచిదా, టెలిగ్రామా? ఏది పెట్టినా ఎలా అమర్చాలో కాస్త వివరంగా చెప్పండి.

ఐఈసీ_డెస్క్

మేడమ్, డ్రైవ్‌ను బీరువా అనుకోండి, వాట్సాప్‌ను గంట అనుకోండి. ఫైలు ఉండేది డ్రైవ్‌లో, కొత్తది వచ్చిందని చెప్పేది వాట్సాప్‌లో. ఇప్పుడు మీ గ్రూపే రెండు పనులూ చేస్తోంది, చిక్కంతా అక్కడే.

మొట్టమొదట ఖాతా సంగతి తేల్చుకోండి. సొంత జీమెయిల్‌తో ఫోల్డర్ తెరవకండి. బదిలీ అయినా, ఫోన్ పోయినా ఫోల్డర్ మీతోపాటే పోతుంది. పీహెచ్‌సీ పేరు మీద కొత్త జీమెయిల్ చేయండి. రికవరీ నంబరుగా ఆఫీసు ఫోన్, రికవరీ మెయిల్‌గా మెడికల్ ఆఫీసర్ గారి మెయిల్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి స్టాక్ రిజిస్టర్‌తోపాటు తాళంలో పెట్టండి. ఉచితంగా వచ్చేది 15 జీబీ. జీమెయిల్, ఫొటోస్, డ్రైవ్ మూడింటికీ కలిపి అంతే, కాబట్టి ఆ ఖాతాను ఏ ఫోన్‌లోనూ ఫొటోల బ్యాకప్‌కు వాడనివ్వకండి. రెండేళ్లు ఎవరూ వాడకపోతే గూగుల్ ఆ ఖాతానే తీసేయవచ్చు.

షేరింగ్‌లో "లింక్ ఉన్న ఎవరైనా" అని పెట్టి, పక్కన "వ్యూయర్" ఎంచుకోండి. మామూలుగా అది "రిస్ట్రిక్టెడ్" మీద ఉంటుంది. దాన్ని మార్చకుండా లింకు పంపితే ఆశాలకు "యాక్సెస్ అడగండి" అన్న పేజీ వస్తుంది, ఒకటికి రెండుసార్లు చూసి వదిలేస్తారు. ఎడిటర్ హక్కు ఇద్దరికి మించి ఇవ్వకండి. ఎడిటర్ చెయ్యి పొరపాటున తగిలినా ఫైలు ఫోల్డర్ బయటికి పోతుంది.

ఫోల్డర్లు "పోస్టర్లు", "వీడియోలు" అని చేయకండి. పనిలో ఉన్నవాళ్లు విషయాన్ని బట్టి వెతుకుతారు. 01 గర్భిణులు, 02 నవజాత శిశువు, 03 టీకాలు, 04 విరేచనాలు, 05 రక్తహీనత, 06 దోమల జ్వరాలు, 07 క్షయ, 08 బీపీ షుగర్, 09 కిశోర బాలికలు. ఇలా పదికి లోపే ఉంటే ఫోన్ తెరలో ఒక్కసారి కిందికి జరిపితే అన్నీ కనిపిస్తాయి. ఫోల్డర్ లోపల మళ్లీ ఫోల్డర్ వద్దు. ముందు అంకె ఉంటే వరస చెదరదు.

ఫైలు పేరులో నాలుగు ముక్కలు రావాలి: విషయం, రకం, సైజు, నెల. "ఓఆర్ఎస్ కరపత్రం ఏ4 2025-07" లాగా. ఏడాది ముందు, నెల తర్వాత రాస్తే ఒకే పేరున్న ఫైళ్లు తేదీల వరసలో అవే కూర్చుంటాయి. పేరు చివర ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఒక మాట చేర్చండి, చాలామంది వెతికేటప్పుడు ఇంగ్లిష్ కీబోర్డుతోనే కొడతారు.

అన్నిటికంటే ముఖ్యం: పోస్టర్ మారితే కొత్త ఫైలు పక్కన పెట్టకండి. కంప్యూటర్‌లో పాత ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఫైల్ ఇన్ఫర్మేషన్‌లో "మేనేజ్ వెర్షన్స్" తెరిచి, అక్కడ కొత్తది అప్‌లోడ్ చేయండి. పాత లింకే పనిచేస్తుంది, తెరిస్తే కొత్త పోస్టర్ వస్తుంది. తర్వాత పేరులో నెల మార్చండి, పేరు మారినా లింకు మారదు. పాత కాపీ 30 రోజులు లోపల ఉంటుంది కాబట్టి తప్పు ఎక్కించినా వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఫోల్డర్ లింకును గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టండి. వాట్సాప్‌లో పిన్ చేసిన మెసేజ్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే నిలుస్తుంది, డిస్క్రిప్షన్ ఎప్పటికీ ఉంటుంది. సబ్‌సెంటర్ గోడకు క్యూఆర్ కోడ్ అంటించాలంటే క్రోమ్ బ్రౌజర్‌లోనే చేసుకోండి. ఉచితంగా ఇస్తామనే కొన్ని సైట్ల కోడ్‌లు వాళ్ల సర్వర్ గుండా వెళ్తాయి, ట్రయల్ గడువు తీరగానే చచ్చిపోతాయి. గోడ మీది కాగితం మాత్రం అలాగే ఉంటుంది.

ఛానల్_వాడేవాణ్ని

టెలిగ్రామ్‌ను అంత తేలిగ్గా పక్కన పెట్టనక్కర్లేదు. ఛానల్‌లో కొత్తగా చేరిన ఆశాకు మొదటి రోజు నుంచి పెట్టినవన్నీ కనిపిస్తాయి. ఫోన్ నిండి ఫైళ్లు చెరిపేసినా ఛానల్‌లోంచి మళ్లీ దించుకోవచ్చు. వాట్సాప్‌లో పాత ఫైలు కొంతకాలానికి దిగనని మొరాయిస్తుంది. ఛానల్‌లో అడ్మిన్ తప్ప ఎవరూ పోస్ట్ చేయలేరు కాబట్టి గుడ్‌మార్నింగ్‌ల గోల కూడా ఉండదు.

కానీ మీ 60 మందిలో సగం మంది ఫోన్లలో అది లేకపోతే ఇంకో యాప్ ఎక్కించే పని మీ నెత్తిన పడుతుంది. పైగా అచ్చం అదే పేరు, అదే బొమ్మతో నకిలీ ఛానల్ ఎవరైనా తెరవవచ్చు. లింకు మీరే ఇవ్వాలి, వెతుక్కుని చేరమనకూడదు. ఇప్పటికే అందరూ టెలిగ్రామ్ వాడుతుంటే సరే, లేకపోతే పైన చెప్పిన పద్ధతే నయం.

డీటీపీ_పనివాడు

అక్షరాలు ఎందుకు అలుక్కుపోతున్నాయంటే, వాట్సాప్‌లో "ఫొటో"గా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. ఏ4 కాగితం మీద శుభ్రంగా రావాలంటే 2480 బై 3508, ఏ3 కి 3508 బై 4961 పిక్సెళ్లు కావాలి. 1600 పిక్సెళ్ల బొమ్మను ఏ3 మీద సాగదీస్తే అంగుళానికి వంద చుక్కలు కూడా రావు. అటాచ్‌లో "డాక్యుమెంట్" ఎంచుకుని పంపితే కుదించదు. డ్రైవ్‌లో ఒక్కో పోస్టర్‌కు రెండు ఫైళ్లు ఉంచండి: ప్రింటుకు పీడీఎఫ్, ఫోన్‌లో చూపించడానికి 300 కేబీ లోపు జేపీజీ. ఫ్లెక్సీ మాత్రం దూరం నుంచి చూస్తారు కాబట్టి అసలు సైజులో 72 నుంచి 100 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు.

పిచ్చి గుర్తుల సంగతి. ఆ ఫైళ్లు "అను" అనే పాత తెలుగు ఫాంట్లతో చేసినవై ఉంటాయి. అవి యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) కావు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలే, ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో మాత్రం తెలుగులా కనబడతాయి. వర్డ్ ఫైలుగా పంపితే ఆ ఫాంట్ లేని ఏ ఫోన్‌లోనూ చదవలేరు. ప్రెస్ వాళ్లను వర్డ్ ఫైలు కాదు, ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైలు లోపలే పొదిగిన) పీడీఎఫ్ అడగండి. అలా చేస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ అందులో మాటలు వెతకడం, కాపీ చేయడం కుదరదు. తర్వాత మార్చుకోవాల్సిన ఫైలైతే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్ వాడండి. మార్చాక ఒత్తులు, అంకెలు, దశాంశ చుక్కలు ఒక్కొక్కటే చూసుకోవాలి. అక్షరం తప్పితే చదివేవాళ్లు సర్దుకుంటారు, మోతాదులో చుక్క పోతే మాత్రం ప్రమాదం.

ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు వేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు వస్తున్నాయా? ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్నచోట "వరల్డ్ రెడీ లేఅవుట్" ఎంచుకుని మళ్లీ తెరవండి.

ఇంకోటి. మీ కరపత్రాల్లో ఎక్కువ భాగం చివరికి జిరాక్స్ అవుతుంది. ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్, ఫొటోలు జిరాక్స్‌లో నల్లటి మచ్చలే. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, గీతల బొమ్మలు, 14 పాయింట్లకు తగ్గని అక్షరాలు వాడండి. ఏ రంగు కరపత్రమైనా డ్రైవ్‌లో పెట్టేముందు ఒకసారి జిరాక్స్ తీసి చూడండి.

సబ్‌సెంటర్_ఎంఎల్‌హెచ్‌పీ

ఫైళ్ల అమరిక గురించి పైవాళ్లు బాగా చెప్పారు. నా బాధ అందులో ఉండే విషయం గురించి. డ్రైవ్‌లో చేరిన తప్పు కాగితం గ్రూపులో తిరిగే తప్పు కాగితం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఆఫీసు ఫోల్డర్‌లో ఉంది కాబట్టి సరైనదేనని నమ్ముతారు.

టీకాల పట్టికతో మొదలుపెట్టండి. 2023 జనవరి 1 నుంచి 9 నెలలప్పుడు ఎఫ్‌ఐపీవీ (పోలియో ఇంజెక్షన్) మూడో డోసు వచ్చింది. 6, 14 వారాల్లో రెండే చూపించే పట్టిక పాతది. పీసీవీ (న్యుమోనియా టీకా) 6 వారాలు, 14 వారాలు, 9 నెలల్లో కనిపించాలి. "తట్టు టీకా" అని ఒక్కటే రాసి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) అని లేకపోతే అదీ పాతదే. గర్భిణులకు టీటీ (ధనుర్వాతం టీకా) అని ఉంటే అదీ పాతదే, ఇప్పుడిస్తున్నది టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా). ఈ నాలుగు గుర్తులు చాలు, ఏ పట్టిక పక్కన పడేయాలో అర నిమిషంలో తెలుస్తుంది.

ఐరన్ మాత్రలదీ ఇదే సంగతి. 100 మి.గ్రా., 100 రోజులు అని ఉన్న కరపత్రాలు ఇంకా తిరుగుతున్నాయి. ఇప్పటి పద్ధతిలో గర్భిణికి నాలుగో నెల నుంచి రోజూ ఒక ఎర్ర మాత్ర, అంటే 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, 180 రోజులు. కాన్పు తర్వాత మరో 180 రోజులు. ఇది రక్తహీనత లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా ఇచ్చే మోతాదు. ఉన్నవాళ్లకు ఎంతనేది వైద్యాధికారి చెబుతారు, ఆ ముక్క కూడా కరపత్రంలో ఉండాలి. కిశోర బాలికలకు వారానికొక నీలం మాత్ర. నలుపు తెలుపు జిరాక్స్‌లో రంగు కనిపించదు కాబట్టి "ఎర్ర మాత్ర", "నీలం మాత్ర" అని అక్షరాల్లో రాసి తీరాలి.

మీరు అడిగిన విరేచనాల పోస్టర్‌లో ఎక్కువగా దొర్లే తప్పు ఓఆర్ఎస్ గురించి "ఒక ప్యాకెట్ ఒక లీటరు నీటిలో" అని మాత్రమే రాయడం. సబ్‌సెంటర్‌లో ఇచ్చే 20.5 గ్రాముల ప్యాకెట్‌కు అది సరిపోతుంది. మందుల షాపులో సుమారు 4 గ్రాముల చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, అవి 200 మి.లీ. నీటికి. చిన్న ప్యాకెట్‌ను లీటరులో కలిపితే బిడ్డకు కావలసిన లవణాలు అందవు. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రాణాపాయం కావచ్చు. అందుకే పోస్టర్‌లో రెండు ప్యాకెట్ల బొమ్మలూ వేసి, పక్కనే లీటరు సీసా, గ్లాసు బొమ్మలు వేయాలి. "ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసి ఉందో చూడండి" అనే వాక్యం అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ., అంతకు పైబడితే 100 నుంచి 200 మి.లీ. జింక్ 14 రోజులు: 2 నుంచి 6 నెలల బిడ్డకు అర మాత్ర, అంటే 10 మి.గ్రా., ఆపైన అయిదేళ్ల వరకు ఒక మాత్ర, 20 మి.గ్రా. విరేచనాలు ఆగిపోయినా 14 రోజులూ వేయాలని రాయకపోతే మూడో రోజే మానేస్తారు.

ప్రతి కాగితం అడుగున ఒక వరస తప్పనిసరి చేయండి: తయారైన నెల, సరిచూసిన వారి హోదా, మళ్లీ చూడాల్సిన నెల. పేరు అక్కర్లేదు, హోదా చాలు. ఏడాది గడువు పెట్టండి. ఆ వరస లేని కాగితం ఎంత అందంగా ఉన్నా ఫోల్డర్‌లోకి రానివ్వకండి. ఊళ్లో ఇచ్చేముందు అయిదారుగురు తల్లులకు చూపించి "దీన్ని చూస్తే మీరు ఇంట్లో ఏం చేస్తారో చెప్పండి" అని అడగండి. "అర్థమైందా?" అంటే అందరూ అయిందనే అంటారు.

పీహెచ్‌సీ_హెల్త్_ఎడ్యుకేటర్

చాలా ఉపయోగపడే వివరాలు, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. సిగ్నల్ లేని ఊళ్లకు వెళ్లే ఆశాల సంగతేమిటి? పక్క పీహెచ్‌సీలవాళ్లు తమవి చేర్చాలంటే అందరికీ ఎడిటర్ హక్కు ఇవ్వకుండా ఎలా?

ఏజెన్సీ_సూపర్‌వైజర్

సిగ్నల్ లేనిచోటికి ఫైలు ముందే ఫోన్‌లో ఉండాలి, వేరే దారి లేదు. నెలవారీ ఆశా సమావేశం రోజున ఆ పని పూర్తిచేయాలి. పీహెచ్‌సీ వైఫైలో ఒక ఫోన్‌లోకి ఆ నెల ఫైళ్లు దించి, మిగతావాళ్లకు క్విక్ షేర్‌తో పంపండి. డేటా ఖర్చు కాదు, బ్లూటూత్ కంటే చాలా వేగం. ఇంకో దారి 32 జీబీ ఓటీజీ (ఫోన్‌కు నేరుగా తగిలించే) పెన్‌డ్రైవ్. దాన్ని ఎఫ్ఏటీ32 లో ఫార్మాట్ చేయండి, ఎక్స్‌ఫ్యాట్‌ను కొన్ని పాత ఫోన్లు చదవవు. డ్రైవ్ యాప్‌లోనే ఉంచుకోవాలంటే ఫైలు పక్కన మూడు చుక్కలు నొక్కి "మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్" ఎంచుకోవాలి. సమావేశంలోనే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఫైలు తెరిపించి చూడండి. దిగిందనుకుని వెళ్తారు, ఊళ్లో తెరవబోతే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

32 జీబీ ఫోన్లకు నెలకు 100 ఎంబీ దాటనివ్వకండి. వీడియోను హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 480పీకి తగ్గించి, వీడియో బిట్‌రేట్ 600 కేబీపీఎస్, ఆడియో 64 కేబీపీఎస్ పెడితే 3 నిమిషాలకు సుమారు 15 ఎంబీ అవుతుంది. ఆడియో మాత్రమే అయితే 64 బిట్‌రేట్ మోనోలో నిమిషానికి అర ఎంబీ. ఆడియోను చిన్నచూపు చూడకండి. పాడేరు వైపు కువి, ఆదివాసీ ఒడియా, రంపచోడవరం, భద్రాచలం వైపు కోయ, ఉట్నూరు వైపు గోండి, కొలామి మాట్లాడే ఇళ్లలో తెలుగు కరపత్రం గోడకే పరిమితం. అదే ఊరి ఆశా గొంతుతో వాళ్ల భాషలో రెండు నిమిషాల ఆడియో అవ్వలు కూడా కూర్చుని వింటారు. రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పట్టుకోవాలి. ఒక ఆడియోలో ఒకే విషయం చెప్పాలి. ఫైలు పేరులో భాష, ప్రాంతం రెండూ రాయండి, కోయ మాట ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఇంకొకరితో విని తెలుగులో చెప్పించుకున్నాకే ఫోల్డర్‌లో పెట్టండి.

ఐఈసీ_డెస్క్

రెండో సందేహానికి: ప్రధాన ఫోల్డర్‌ను అలాగే ఉంచి, విడిగా "పరిశీలనకు" అని ఇంకో ఫోల్డర్ చేయండి. దానికి మాత్రం ప్రతి పీహెచ్‌సీ నుంచి ఒక్కరికి, వాళ్ల పీహెచ్‌సీ ఖాతాకే, ఎడిటర్ హక్కు ఇవ్వండి. వాళ్లు అందులో వేస్తారు. అక్కడ సరిచూశాక మీ ఖాతాతో కాపీ తీసి ప్రధాన ఫోల్డర్‌లో పెట్టాలి. జరపకండి, కాపీయే తీయండి. జరిపితే ఫైలు సొంతదారు అవతలివాళ్లే, రేపు వాళ్లు తమ ఖాతాలో చెరిపేస్తే మీ దగ్గరా పోతుంది. గూగుల్ ఫారంలో ఫైల్ అప్‌లోడ్ పెట్టవచ్చు కదా అంటారు. దానికి పంపేవాళ్లు గూగుల్‌లో లాగిన్ కావాలి, ఫైళ్ల బరువు మీ 15 జీబీ మీదే పడుతుంది. నాలుగైదు పీహెచ్‌సీలకు ఫోల్డరే సులువు.

నెలకొకసారి గ్రూపులో ఒకే ఒక మెసేజ్ పెట్టండి: ఏం కొత్తగా వచ్చింది, ఏది మారింది, ఫోన్‌లోంచి ఏది చెరపాలి. ఈ మూడోది మరవకండి. డ్రైవ్‌లో మార్చినంత మాత్రాన ఫోన్లలో దించుకున్న పాత కాపీలు మారవు. చెరపాల్సిన పోస్టర్ చిన్న బొమ్మ మీద ఎర్రటి అడ్డగీత గీసి పంపితే పేరు చదవకుండానే గుర్తుపడతారు.

నెల పట్టిక కూడా ముందే వేసుకోండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల దినాలు, మార్చి 24 క్షయ, మే 16 డెంగీ, ఆగస్టు 1 నుంచి 7 తల్లిపాల వారోత్సవాలు, సెప్టెంబరు పోషణ మాసం. వాటికి కావలసినవి ముందు నెల ఆశా సమావేశానికే ఫోన్లలో చేరాలి.

రికార్డ్స్_సెక్షన్

ఒక హెచ్చరిక. "లింక్ ఉన్న ఎవరైనా" అని తెరిచిన ఫోల్డర్‌లో లబ్ధిదారుల జాబితా, ఆర్‌సీహెచ్ ఐడీ (తల్లీబిడ్డల నమోదు సంఖ్య), ఆధార్, క్షయ రోగుల వివరాలు ఏ రూపంలోనూ పెట్టకూడదు. ఆ లింకు ఎవరి చేతికైనా వెళ్లవచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరం వారి సమ్మతి లేకుండా బయటపెట్టడం 2017 చట్టం ప్రకారం నిషిద్ధం. తల్లీబిడ్డల ఫొటో పోస్టర్‌లో వాడాలంటే ఎక్కడెక్కడ వాడతారో చెప్పి రాతపూర్వక సమ్మతి తీసుకోండి, ఆ కాగితాలు ఆఫీసు బీరువాలో ఉండాలి, ఫోల్డర్‌లో కాదు. బక్కచిక్కిన పిల్లల ముఖాలు అసలే వద్దు, గీసిన బొమ్మతో ఆ పని జరుగుతుంది.

బయటి సంస్థల సామగ్రి తీసుకునేటప్పుడు అడుగున లైసెన్స్ చూడండి. క్రియేటివ్ కామన్స్‌లో "బీవై" మాత్రమే ఉంటే పేరు చెప్పి మార్చుకోవచ్చు. "ఎన్‌డీ" ఉంటే మార్చినది పంచకూడదు, తెలుగు చేసి పంచడం కూడా అందులోకే వస్తుంది. అలాంటివి అనుమతి అడిగి తెచ్చుకోండి.

గ్రూపులో ఏపీకే అనే ముగింపుతో ఏ ఫైలు వచ్చినా, పథకం పేరున్నా, బ్యాంకు పేరున్నా తెరవొద్దని ఆశాలకు చెప్పండి. అది యాప్ ఎక్కించే ఫైలు. ఫోన్‌ను, అందులోని గ్రూపులన్నిటినీ పరాయివాళ్ల చేతిలో పెడుతుంది. గ్రూపు సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చి, మాటామంతీకి వేరే గ్రూపు పెట్టండి. అడ్మిన్లందరూ వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోవాలి.